పక్కన పెట్టిన కప్పు

మా అల్లుడి ఉద్యోగం ఊడుతుందా ఊడదా అన్నది ఆ వారమంతా ఊరికి ఉచితంగా దొరికిన కాలక్షేపం. కూరగాయల కొట్టుకు వెళ్తే అక్కడ అదే మాట, మందుల షాపుకు వెళ్తే అక్కడా అదే మాట. కొట్టువాడు టమాటాలు తూకం వేస్తూ, "ఏం పెద్దమ్మా, మీ అల్లుణ్ణి పీకేస్తారటగా?" అన్నాడు. సంచీ తెచ్చుకున్నారా అని అడిగినంత తేలిగ్గా అడిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ కొట్టు మూసేస్తారని నేనూ విన్నాను. అది నిజమేనా మరి?" అన్నాను.

వాడు నవ్వేశాడు. నవ్వుతూనే, "అది కాదు పెద్దమ్మా, మన జట్టుకి వెనకాల కాపలా ఏదీ? తలుపులు బార్లా తీసిపెట్టి దొంగల్ని రమ్మంటున్నాం" అని మొదలుపెట్టాడు. నా వెనక నిలబడ్డావిడ చేతిలో వంకాయలు పట్టుకునే అందుకుంది. ముందు వరసలో కుర్రాళ్లు దండగట, కోచ్ మొండివాడట, పోయినేడే మార్చాల్సిందట. ఈ ఊళ్లో కారే కుళాయి బాగుచేసే మనిషి కావాలంటే వారం తిరగాలి గానీ, ఫుట్‌బాల్ జట్టు ఎలా నడపాలో తెలియనివాడు మాత్రం ఒక్కడు కూడా దొరకడు.

మా అల్లుడు ఈ ఊరి క్లబ్బుకు కోచ్. మా అబ్బాయి అతనికి సహాయ కోచ్. ఇంట్లో అందరం వాణ్ణి చిన్నోడంటాం. బావా బావమరుదులు ఇద్దరూ కుర్రతనంలో ఒకే జట్టులో ఆడినవాళ్లు, ఒకే గదిలో అద్దెకున్నవాళ్లు. చిన్నోడే ఒక సెలవురోజు ఇతన్ని భోజనానికి తీసుకొచ్చాడు. ఆ భోజనంలోనే మా అమ్మాయి ఇతనికి రెండోసారి వడ్డించింది, మూడోసారి కూడా వడ్డించింది. నాకు అప్పుడే అర్థమైపోయింది. పెళ్లయ్యాక అల్లుడు ఏ ఊళ్లో కోచ్‌గా చేరినా చిన్నోడు వెంట ఉన్నాడు.

నేను అమ్మాయి పురుటికోసం వచ్చాను. మేముండే ఇల్లు క్లబ్బుది. మంచాలు క్లబ్బువి, కుర్చీలు క్లబ్బువి, ఆఖరికి గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా కూడా క్లబ్బుదే, దానిమీద వాళ్ల గుర్తు ఉంటుంది. ఉద్యోగం పోయిందంటే ఉన్న ఫళంగా ఇల్లు ఖాళీ చెయ్యాలి. అమ్మాయికి నెలలు నిండాయి. బీపీ ఎక్కువగా ఉంది, మంచం దిగి తిరగొద్దంది డాక్టరమ్మ. ఆ డాక్టరమ్మ కూడా క్లబ్బు పెట్టిన మనిషే. కిందటి కాన్పు ఇలాగే ఉద్యోగం పోయి ఊరు మారే గొడవలో పోగొట్టుకున్నాం. పెట్టెలు సర్దుతుండగా నొప్పులొచ్చాయి. లారీ గుమ్మంలో నిలబడి ఉండగా దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. తిరిగొచ్చింది ఒక్కతే. అందుకని నాకు గోల్స్‌తో పనిలేదు, పట్టికలో ఎవరు పైన ఎవరు కింద అన్న గోలా పట్టదు. ఆ బిడ్డ క్షేమంగా భూమ్మీద పడేదాకా ఈ ఇంట్లో మంచం కదలకూడదు. నాకు కావలసింది అంతే.

ఈ ఇంట్లో ఒక పద్ధతుంది. మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం బావా బావమరుదులు భోజనాల బల్ల మీద గుడ్డ తీసేసి టీ కప్పులు పేరుస్తారు. ఒక్కో కప్పు ఒక్కో ఆటగాడు. క్లబ్బులో వీళ్లకి గోడంత బోర్డు ఉంది, దానికంటుకునే రంగురంగుల బిళ్లలున్నాయి. అయినా కప్పులు చేతిలో లేకపోతే ఇద్దరికీ బుర్ర పనిచెయ్యదు. అద్దె గదిలో ఉన్నప్పుడు పట్టిన అలవాటు. కప్పులు ఒకసారి కుదిరాయంటే మర్నాడు ఆట అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. మేం వంటింట్లో నిలబడి తింటాం, టీ గ్లాసుల్లో తాగుతాం. వచ్చిన కొత్తలో నేను తెలియక ఒక కప్పు కడిగిపెట్టేశాను. గోల్‌కీపరట అది. ఆ రోజు గెలిచారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ నింద నా నెత్తిన పడేది. వీళ్లు గెలుచుకొచ్చిన కప్పులేవీ ఇంట్లో లేవు గానీ ఈ కప్పులకి మాత్రం మర్యాద ఎక్కువే.

వాటిలో పిడి విరిగిన గోధుమరంగు కప్పు ఒకటుంది. మందంగా, బరువుగా ఉంటుంది. అది కెప్టెన్. జట్టులో అతన్ని అందరూ తాత అంటారు. ముప్ఫై దాటి కొన్నేళ్లయిందట, ఫుట్‌బాల్లో అది ముసలితనమట. ఆ లెక్కన నన్ను పాతిపెట్టి చాలా కాలమై ఉండాలి. తాత ఆడేది వెనకాల, గోల్‌కీపర్ ముందు కాపలాగా.

ఇంత గొడవకీ కారణమైన ఆ పాడు మ్యాచ్ ముందురోజు సాయంత్రం అమ్మాయి గదిలో నిద్రపోతోంది. నేను బల్లకి ఈ చివర కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. అప్పటికే వరసగా ఓడిపోతున్నారు. అల్లుడు కప్పులన్నీ పేర్చి, గోధుమరంగు కప్పు దగ్గర ఆగాడు. దాన్ని పైకెత్తాడు.

"బావా, తాతని తియ్యకు" అన్నాడు చిన్నోడు.

"పరుగు పడిపోయిందిరా. నువ్వు చూడట్లేదా?"

"చూస్తున్నాను. పరుగు పోయింది, నోరు పోలేదుగా. వెనకాల నలుగుర్నీ నిలబెట్టేది అతని అరుపే. అతను లేకపోతే ఎవడి పాటికి వాడు ముందుకెళ్లిపోతాడు."

"అరుపులతో గోల్స్ ఆగవు. నాకు పరిగెత్తేవాడు కావాలి."

"కావాలంటే వచ్చే వారం మారుద్దాం. రేపు మాత్రం వద్దు బావా, నా మాట విను. ఇప్పుడు అందరూ బెదిరిపోయి ఉన్నారు."

"కోచ్ నువ్వా నేనా?" అన్నాడు అల్లుడు.

అంతవరకు ఎప్పుడూ అతని నోట ఆ మాట నేను వినలేదు. చిన్నోడూ విన్నట్టు లేదు. వాడి ముఖం ఎర్రబడింది. అల్లుడు లేచి ఆ గోధుమరంగు కప్పును తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టాడు. దాని చోట్లో తెల్లటి చిన్న కప్పు పెట్టాడు. చిన్నోడు కుర్చీ వెనక్కి జరుపుకుని, "నీ ఇష్టం బావా" అన్నాడు. నేను తువ్వాలు మడతపెట్టి పక్కన పెట్టాను. మగవాళ్ల పనిగొడవల్లో మనమెందుకులే అనుకున్నాను.

మర్నాటి ఆట సంగతి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. సొంతూళ్లో, సొంత మైదానంలో, వచ్చినవాళ్లు వచ్చినట్టు గోల్స్ కొట్టుకుపోయారు. తెల్లకప్పు కుర్రాడు పరిగెత్తడమైతే పరిగెత్తాడు పాపం, అడ్డదిడ్డంగా ముందుకే పరిగెత్తాడు. వెనకాల ఎవరూ లేరు. టీవీలో మా అల్లుడి ముఖాన్ని పెద్దది చేసి చూపించారు. పక్కన చిన్నోడు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు, ఎవరికీ వినిపించడం లేదు. జనమంతా లేచి "కోచ్ దిగిపో, కోచ్ దిగిపో" అని ఒకటే గోల. అమ్మాయి దిండుకి జారగిలి పొట్టమీద చెయ్యేసుకుని చూస్తోంది. నేను టీవీ కట్టేయబోతే, "ఉండనీ అమ్మా, కట్టేస్తే తిట్టడం మానేస్తారా?" అంది.

ఆ సాయంత్రమే క్లబ్బు ప్రెసిడెంట్ టీవీలోకొచ్చాడు. మంచి కోటు వేసుకున్నాడు. "మా కోచ్ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది" అన్నాడు.

"హమ్మయ్య!" అన్నాను నేను.

అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. "అయిపోయిందమ్మా. ఇంక అయిపోయింది."

"ఏమే, నీకేమైనా పిచ్చా? నమ్మకం ఉందంటున్నాడు కదా ఆయన."

"ఉద్యోగం గట్టిగా ఉన్నవాడి గురించి ఎవరమ్మా అలా చెప్పేది? పీకేసే ముందు అనే మాటే అది. కిందటి ఊళ్లోనూ ఇదే అన్నారు, అంతకుముందు ఊళ్లోనూ ఇదే. ఆ తర్వాత వారం తిరగలేదు."

మనుషుల్ని తిడితే భయపడాలి గానీ పొగిడితే భయపడే ఉద్యోగం ఇదొక్కటే చూశాను.

ఇక అక్కణ్ణుంచి మా ఇంట్లో మనుషులు ఊపిరి బిగబట్టుకుని బతికారు. ఫోను మోగితే చాలు, అందరి చేతుల్లో పనీ ఆగిపోయేది. అల్లుడు ఫోను తీసుకుని హలో అనేలోపు మేం అతని కనుబొమలు చూసేవాళ్లం. ఎవరో బీమా వాళ్లు, ఎవరో పాత స్నేహితుడు. "ఏం లేదు, ఏం లేదు" అనేవాడు అల్లుడు, మేం అడక్కుండానే. స్నానాల గదిలోకి కూడా ఫోను తీసుకెళ్లేవాడు. పొద్దున గడ్డం గీసుకుని మధ్యాహ్నం మళ్లీ గీసుకునేవాడు. కంచంలో పెట్టింది అటు తోసి ఇటు తోసి లేచిపోయేవాడు. కోపంతో అరిచినా బాగుండేది, ఆ నిశ్శబ్దాన్ని భరించడం నా వల్ల కాలేదు.

గేటు బయట టీవీవాళ్లు తిష్ట వేశారు. నేను చెత్తబుట్ట తీసుకుని బయటికొస్తే ఒకమ్మాయి మైకు నా మూతి దగ్గర పెట్టి, "కోచ్‌గారి మూడ్ ఎలా ఉందండీ ఇంట్లో?" అంది. "ఈ బుట్ట నీ నెత్తిన బోర్లిస్తే నీ మూడ్ ఎలా ఉంటుందో చెప్పు, అప్పుడు చెప్తాను" అన్నాను. అది కూడా టీవీలో వేశారు. కింద పెద్దక్షరాలతో 'కోచ్ కుటుంబంలో ఉద్రిక్తత' అని రాశారు. చిన్నోడు అది చూసి పడీపడీ నవ్వాడు. "అమ్మా, నిన్ను ముందు వరసలో ఆడిస్తే ఒక్కడు మన దరిదాపులకి రాడు" అన్నాడు. అల్లుడి వైపు తిరిగి, "బావా, పీకేస్తే పీకేశారు. మనిద్దరం టీ కొట్టు పెడదాం, కప్పులెలాగూ ఉన్నాయి" అన్నాడు. అల్లుడు నవ్వినట్టు మూతి కదిపాడు. వాళ్లిద్దరి మధ్యా తాత మాట మళ్లీ రాలేదు. ఫ్రిజ్ మీది కప్పును కూడా ఎవరూ కదపలేదు. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అది నా కళ్లబడుతూనే ఉంది.

తర్వాతి రోజు క్లబ్బు నుంచి మేస్త్రీ వచ్చాడు. ఆ ఇంటి మరమ్మతులన్నీ చూసేది అతనే. వచ్చి చెప్పులు విప్పి, టేపు తీసి, ఒక్కో గదిలో కిటికీలు కొలవడం మొదలుపెట్టాడు.

"ఏంటయ్యా ఈ కొలతలు?" అన్నాను.

"కొత్త కర్టెన్లు కుట్టించమన్నారమ్మా."

"ఇప్పుడా? ఎవరికోసం?"

అతను నీళ్లు నమిలాడు. "నాకు ఆ సంగతి చెప్పలేదమ్మా. ప్రెసిడెంట్ గారి ఆఫీసునుంచి ఫోనొచ్చింది. అర్జెంటన్నారు."

అమ్మాయి గదిలోంచి అంతా విన్నది. మేస్త్రీ వెళ్లాక నన్ను పిలిచి, "అమ్మా, అటక మీద అట్టపెట్టెలున్నాయి, దించి తుడిచిపెట్టు. నేను మంచం దిగన్లే, నువ్వే సర్దుదువు గాని" అంది. గొంతులో వణుకు లేదు. కొత్తగా వచ్చేవాళ్లకోసం కిటికీలు కొలుస్తుంటే చూస్తూ పడుకోవడం దానికి అలవాటైపోయింది.

"ఆ పెట్టెల మాటెత్తావంటే ఊరుకోను" అన్నాను. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను. ఆ పూట కొలిచినప్పుడు దాని బీపీ ఇంకా పెరిగింది. డాక్టరమ్మ ఫోనులో, "ఇంట్లో ప్రశాంతంగా ఉండేలా చూడండి" అంది. ప్రశాంతత ఏ షాపులో దొరుకుతుందో ఆవిడ చెప్పలేదు.

ఆ సాయంత్రం అల్లుడు హాల్లో ఒక్కడే కూర్చునున్నాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. అల్లుడి ముందు అలా నిలబడి ఒకటి అడగడం అంతవరకు ఎరగను.

"బాబూ, నాకు మీ ఆట తెలీదు. ఎవరు తప్పో ఎవరు ఒప్పో నాకక్కర్లేదు. ఏం చేసైనా సరే, ఈ కాన్పయ్యేదాకా ఈ ఉద్యోగం నిలబెట్టండి. దాన్ని మళ్లీ ఆ లారీ ఎక్కించకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

అతను గబుక్కున లేచాడు. "అయ్యో, అంత మాటెందుకు అత్తయ్యా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా చేతుల్లో ఉంటే..." అని మిగిలింది మింగేశాడు. మేడమెట్ల మీద ఏదో చప్పుడైంది. చిన్నోడి గది పైనే. వాడు దిగొస్తున్నాడనుకున్నాను గానీ రాలేదు.

క్లబ్బు పెద్దలు బావా బావమరుదులిద్దర్నీ మర్నాడు మధ్యాహ్నం రమ్మన్నారు. ఇద్దరి చొక్కాలూ నేనే ఇస్త్రీ చేశాను. అల్లుడి చొక్కా కాలరు మీద రెండు మడతలు పడ్డాయి, మళ్లీ తడిపి చేశాను. చిన్నోడు బయల్దేరుతూ అక్క గదిలోకి తొంగిచూసి, "అక్కా, వచ్చేటప్పుడు ఏమైనా తేవాలా?" అన్నాడు. "ఉద్యోగం తీసుకురండి చాలు" అంది అది. "చిత్తం" అన్నాడు వాడు.

వాళ్లు వెళ్లాక ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. టీవీలో ఒకాయన లెక్కలేసి, పది పాళ్లలో తొమ్మిది పాళ్లు ఇవాళ్టితో సరి అంటున్నాడు. పక్కనున్నాయన ఆ ఒక్క పాలు కూడా ఎందుకు మిగిల్చారని అడుగుతున్నాడు. కొత్త కోచ్‌గా రాబోయేవాళ్ల బొమ్మలు వరసగా చూపించారు. "ఈయన బాగుంటాడమ్మా, పాపం ఈయనకి నలుగురు పిల్లలు, ఇల్లు సరిపోతుందో లేదో" అంది మా అమ్మాయి. అది జోకో నిజంగా అందో నాకు తెలియలేదు. దాని చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నేను మొక్కని దేవుడు లేడు. ఇతని ఉద్యోగం ఒక్కటి నిలబెట్టు, ఇంకేమీ అడగను, ఇంకేం తీసుకున్నా సరే అని మొక్కాను.

కారు చప్పుడైంది. అల్లుడు లోపలికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "ఉంచారు" అన్నాడు.

అమ్మాయి ఒక్కసారిగా భోరున ఏడ్చింది. నేను దాన్ని పట్టుకుని నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. "చూశావా, చూశావా, నేను చెప్పానా" అంటున్నాను, నేనేమీ చెప్పకపోయినా. ఉన్నట్టుండి ఆ ఇంటి గోడలు కూడా నాకు ముద్దొచ్చాయి. వంటింట్లోకి పరుగెత్తి టీ పెట్టాను. మ్యాచ్ లేని రోజు కనక దర్జాగా కప్పులే తీశాను. అప్పుడు గుర్తొచ్చింది చిన్నోడు ఏడీ అని. కిటికీలోంచి చూస్తే కారు దగ్గరే నిలబడి బూటుతో నేలమీద ఏదో గీస్తున్నాడు. పిలిస్తే వచ్చాడు. టీ నిలబడే తాగాడు.

టీవీ అప్పటికీ మోగుతూనే ఉంది. ఒకమ్మాయి గబగబా చదువుతోంది. కోచ్ కొనసాగుతారు. సహాయ కోచ్‌ను తొలగించారు. కెప్టెన్‌ను పక్కన పెట్టాలని పట్టుబట్టింది తానేనని సహాయ కోచ్ సమావేశంలో ఒప్పుకున్నారు. ఓటమికి అదే కారణమని క్లబ్బు భావిస్తోంది.

నా చేతిలో కప్పు ఒలికింది. "ఎవరు? ఎవరు ఒప్పుకున్నారు?" అన్నాను. "ఎవడు పట్టుబట్టాడు? అబద్ధం! నేనిక్కడే ఉన్నాను, నా కళ్లారా చూశాను, ఆ కప్పు తీసింది..."

"నేనేనమ్మా" అన్నాడు చిన్నోడు.

గట్టిగా అన్నాడు. చిన్నప్పటినుంచీ నా మాటకి అడ్డురాని పిల్లాడు. "నేనే తీశాను. నువ్వు బట్టలు మడతపెట్టుకుంటున్నావు, సరిగ్గా చూసుండవు."

అల్లుడు వంగి బూటు లేసు విప్పుతున్నాడు. అది ఎంతకీ ఊడి రావడం లేదు. మంచం మీదినుంచి అమ్మాయి, "ఏంటమ్మా? ఏ కప్పు? తమ్ముణ్ణి తీసేశారా?" అని లేవబోయింది. ముఖమంతా చెమట. పొట్ట పట్టుకుంది. చిన్నోడు నా వైపు చూశాడు. బతిమాలుతున్నట్టు చూశాడు.

ఆ క్షణంలో నా నోట్లో మాటని కక్కలేక మింగలేక నేను పడ్డ బాధ పగవాళ్లకి కూడా వద్దు. "ఏం లేదే, పడుకో" అన్నాను. "వాడు చెప్పిందే నిజమేమో. నాకు కళ్లజోడు మార్చాలి."

పైన వాడి గదిలో వాడు బ్యాగు సర్దుకుంటుంటే వెళ్లి తలుపేశాను. "ఇప్పుడు చెప్పరా" అన్నాను.

వాడు బూట్లు ఒక సంచిలో కుక్కుతూ చెప్పాడు. "ప్రెసిడెంట్ అడిగాడమ్మా, తాతని తియ్యాలన్నది ఎవరని. ఎవడో ఒకడు బయటికి పోవాలి, జనం ఊరుకోరు అన్నాడు. బావ వైపే చూసి అడిగాడు. బావ మంచినీళ్ల గ్లాసు తీసుకున్నాడు. తాగాడు, కింద పెట్టాడు. మళ్లీ తీసుకుని తాగాడు. ఖాళీ గ్లాసమ్మా అది. చెప్తాడేమోనని చూశాను. చాలాసేపు చూశాను. చెప్పలేదు. అప్పుడు నేనే అన్నాను, నాదేనని."

"నువ్వెందుకన్నావురా? వెర్రి వెధవా, నువ్వెందుకన్నావు?"

"నువ్వే కదమ్మా ఏం చేసైనా సరే అన్నావు. నేను మెట్ల మీదున్నాను."

నేను మంచం మీద కూలబడిపోయాను. "అతన్నడిగాన్రా" అన్నాను. "నిన్నా?"

"ఎవరు చేస్తే ఏం. నాకేం, ఒంటిగాణ్ణి, ఎక్కడైనా పడుంటాను. అక్క మళ్లీ ఆ లారీ ఎక్కితే నువ్వు చూడగలవా?" వాడు నా పక్కన కూర్చుని నా భుజం మీద చెయ్యేశాడు. "బావ చెడ్డోడు కాదమ్మా. భయపడ్డాడంతే. ఏమీ అనకు. అక్కకి అస్సలు చెప్పకు."

"నిన్నింకెవరు తీసుకుంటార్రా? జట్టుని ముంచినవాడనే పేరొచ్చాక?"

"కొన్నాళ్లు ఎవరూ తీసుకోరు" అన్నాడు. ఆ మాట మాత్రం నవ్వకుండా అన్నాడు.

చీకటి పడకముందే వెళ్లిపోయాడు. గేటు దగ్గర టీవీవాళ్లు వాడి చుట్టూ మూగి, "మీ వల్లే ఓడిపోయారని ఒప్పుకుంటారా?" అని అడుగుతుంటే తల ఊపాడు. కొట్టువాడు కూడా ఆ గుంపులో ఉన్నాడు. "నేను ముందునుంచీ అనుకుంటూనే ఉన్నా, ఆ పక్కన నిలబడేవాడితోనే తంటా అని" అంటున్నాడు. నాకు చెప్పు తీసుకుని వెళ్లాలనిపించింది. వెళ్లి ఏం చెప్తాను? తలుపేసుకున్నాను.

అల్లుడు ఆ తర్వాత నా ముఖంలోకి చూడలేదు. నేనూ పిలిచి మాట్లాడలేదు. కంచం పెట్టడం, తియ్యడం, అంతే. తమ్ముడు వేరే ఊళ్లో మంచి అవకాశం చూసుకుంటున్నాడని అమ్మాయితో ఇద్దరం ఒకే అబద్ధం చెప్పాం, ముందుగా అనుకోకుండానే. దాని బీపీ తగ్గింది. కొత్త కర్టెన్లు వచ్చాయి. మేస్త్రీ వాటిని తగిలిస్తూ, "అన్నీ మీకేనమ్మా, బిడ్డొస్తోందని ప్రెసిడెంట్ గారి భార్య చెప్పిందట. ఆ రోజు నాకు తెలిస్తే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు. చిన్నోడి ఖాళీ గదికి కూడా తగిలించి వెళ్లాడు.

మళ్లీ మ్యాచ్ ముందురోజు సాయంత్రం వచ్చింది. అమ్మాయి నిద్రపోతోంది. అల్లుడు బల్ల మీద గుడ్డ తీసి ఒక్కడే కప్పులు పేర్చాడు. నేను ఎప్పటిలాగే ఆ చివర కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. అతను ఒక కప్పు పెడతాడు, ఎదుటి కుర్చీ వైపు చూస్తాడు, మళ్లీ తీస్తాడు. ఆ కుర్చీలోంచి ఎవరూ వద్దనరు, ఎవరూ సరే అనరు. తెల్లకప్పును చేతిలో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఎంత కోపమున్నా నాకు జాలేసింది. జాలేసినందుకు నామీద నాకే ఒళ్లు మండింది.

"అత్తయ్యా" అన్నాడు. "మీరు రోజూ ఇక్కడే కూర్చుంటారుగా. మా మాటలన్నీ వింటూనే ఉంటారు. తాత కప్పు... ఎక్కడ పెట్టమంటారు?"

తువ్వాలు మడత సగంలో ఆపాను. అమ్మాయి గది తలుపు ఓరగా తీసుంది. గొంతు పెంచలేదు.

"మీరు తీసిన చోటే పెట్టండి బాబూ" అన్నాను.

అతని చెయ్యి అలాగే ఆగిపోయింది. నాకు కళ్లజోడు మార్చక్కర్లేదని అప్పుడతనికి తెలిసింది. లేచి ఫ్రిజ్ దగ్గరికెళ్లి, గోధుమరంగు కప్పు తీసుకుని, మీద పడ్డ దుమ్ము చొక్కా అంచుతో తుడిచాడు. తెచ్చి గోల్‌కీపర్ ముందు, దాని చోట్లో పెట్టాడు. తల మాత్రం ఎత్తలేదు. అతని భుజాలు కదులుతుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

అక్కణ్ణుంచి చిన్నోడికి ఫోను చేశాను. ఎవరో స్నేహితుడి ఇంట్లో ఉంటున్నాడు. వెనకాల ఎవరిదో టీవీ మోగుతోంది.

"తిన్నావురా?"

"తిన్నానమ్మా. అక్కెలా ఉంది?"

"బానే ఉంది. బీపీ దిగింది."

వాడు గొంతు తగ్గించి, "కప్పులు పేర్చాడా? తాతని పెట్టాడా?" అని అడిగాడు.

నాకు ఏడుపాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "పెట్టాడురా" అన్నాను.

"హమ్మయ్య" అన్నాడు చిన్నోడు. "అయితే రేపు మనం గెలుస్తామమ్మా."